ఒక ఫీడ్ పోతే రెండోది మోయగలదా? రెండు ర్యాకుల కేస్ స్టడీ

ఒక సంస్థ సర్వర్ ర్యాక్‌కు కరెంటు తెచ్చే రెండు లైన్లలో (ఫీడ్లలో) ఒకటైన ఎ ఫీడ్‌ను యూపీఎస్ సర్వీసింగ్ కోసం ఆపారు. సర్వర్లన్నిటికీ రెండేసి పవర్ సప్లైలు ఉన్నాయి, బి ఫీడ్ నడుస్తూనే ఉంది, కాబట్టి ఎవరికీ టెన్షన్ లేదు. కొన్ని నిమిషాలు అంతా మామూలుగానే సాగింది. తర్వాత బి ఫీడ్ బ్రేకర్ కూడా ట్రిప్ అయి పడిపోయి ర్యాక్ మొత్తం ఆగిపోయింది. స్టోరేజ్‌తో సహా అన్నీ ఒక్కసారిగా పోవడంతో, డేటాబేస్‌లను సరిచూసుకుని సేవలన్నీ మళ్ళీ నిలబెట్టేసరికి ఆ సంస్థకు మర్నాడైంది.

మమ్మల్ని పిలిచినప్పుడు చెప్పిన పని మాత్రం ఇది కాదు. "పాత ర్యాక్ నిండిపోయింది. కొత్త గదిలో రెండు ర్యాకులు పెట్టి, ఉన్న పరికరాలతో పాటు కొత్త సర్వర్లు, స్విచ్‌లు బిగించి నెట్‌వర్క్ చేసి ఇవ్వండి" అన్నారు. బ్రేకర్ సంగతి మాటల మధ్యలో వచ్చింది. అది పాతదైపోయి పడిపోయిందనీ, కొత్తది వేశాం కాబట్టి ఇక ఇబ్బంది లేదనీ వాళ్ళ నమ్మకం. నేను ముందుగా అడిగింది పీడీయూల (ఫీడ్ నుంచి వచ్చే కరెంటును ర్యాక్‌లోని పరికరాలకు పంచే ప్లగ్ పట్టీల) మీటర్ రీడింగులు.

ఎ పీడీయూ మీద 13 ఆంపియర్లు, బి పీడీయూ మీద 11. రెండు ఫీడ్లకూ ఉన్నవి 16 ఆంపియర్ల బ్రేకర్లు.

"రెండూ హద్దులోనే ఉన్నాయి కదా సార్, 14 దాటితేనే అలారం వస్తుంది" అన్నారు అక్కడి ఐటీ ఇన్‌చార్జ్. విడివిడిగా చూస్తే ఆయన చెప్పింది నిజమే. కానీ రెండు పవర్ సప్లైలున్న సర్వర్ మామూలు రోజుల్లో తనకు కావలసిన కరెంటును రెండు వైపుల నుంచీ పంచుకుని తీసుకుంటుంది. ఒక వైపు పోగానే మొత్తం రెండో వైపు నుంచే లాగుతుంది. ఎ ఆగిన క్షణం నుంచి బి మీద పడింది 24 ఆంపియర్లు. 16 ఆంపియర్ల బ్రేకర్‌కు అది ఒకటిన్నర రెట్లు.

మరి వెంటనే ఎందుకు పడలేదు? ఇలాంటి చిన్న బ్రేకర్లకు (ఎంసీబీలకు) వర్తించే ఐఈసీ 60898 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, రేటింగ్‌కు 1.13 రెట్ల కరెంటు పారుతుంటే బ్రేకర్ గంటసేపు పడిపోకూడదు. 1.45 రెట్లు పారుతుంటే గంట లోపల పడిపోయి తీరాలి. లోపలి ద్విలోహ పట్టీ వేడెక్కి వంగడానికి పట్టే సమయం అది. అంటే ఆ బ్రేకర్ పాడైపోలేదు, తన పని తాను చేసింది. దాని స్థానంలో పెట్టిన కొత్త బ్రేకర్ కూడా అదే పరిస్థితి వస్తే అలాగే పడిపోతుంది.

అందుకే ఈ పనంతటికీ ఒకే ప్రశ్న పట్టుకున్నాం. జంటగా పెట్టిన ప్రతిదానిలో ఒకటి లేనప్పుడు రెండోది ఒక్కటే మొత్తం భారాన్ని మోయగలదా? ఈ ప్రశ్నను కరెంటు దగ్గరే ఆపకుండా చల్లదనానికీ, స్విచ్‌లకూ, వాటి నుంచి ప్రధాన నెట్‌వర్క్‌కు వెళ్ళే అప్‌లింకులకూ, ఫైబర్‌కూ వేసుకుంటూ పోయాం. ఈ రచనలో ఎక్కువ భాగం ఆ జవాబుల గురించే.

కరెంటు లెక్క

కొత్త సర్వర్ల కరెంటును వాటి పవర్ సప్లై మీద రాసిన వాట్ల నుంచి లెక్కించలేదు. 800 వాట్ల సప్లై ఉన్నంత మాత్రాన సర్వర్ 800 వాట్లు తీసుకోదు. అలా లెక్కిస్తే అవసరానికి మించిన ఫీడ్లు, యూపీఎస్‌లు కొనాల్సి వస్తుంది. అలాగని ఖాళీగా ఉన్న సర్వర్ రీడింగ్ పట్టుకున్నా మోసపోతాం. వాటిని బల్ల మీదే ఆన్ చేసి, ప్రాసెసర్, మెమరీ రెండింటి మీదా పూర్తి లోడ్ పెట్టి, ఫ్యాన్లు గట్టిగా తిరిగే దాకా ఆగి కొలిచాం. పాతవీ కొత్తవీ కలిపితే మొత్తం దాదాపు 30 ఆంపియర్లు తేలింది. 230 వోల్టుల దగ్గర అది 6.9 కేవీఏ.

దాన్ని రెండు ర్యాకులకూ సగం సగంగా పంచి, ఒక్కో ర్యాక్‌కు రెండు 32 ఆంపియర్ల ఫీడ్లు తీసుకున్నాం. మేం పాటించిన నియమం ఇది: ఎ, బి రెండు రీడింగుల మొత్తం ఒక ఫీడ్ సామర్థ్యంలో 80 శాతం దాటకూడదు. 32 ఆంపియర్లకు ఆ హద్దు 25.6. ర్యాక్‌కు 15 ఆంపియర్లతో మొదలుపెడితే రేపు పెరగడానికి కూడా చోటుంటుంది.

ఇక్కడ చాలామంది దాటేసే విషయం ఒకటుంది. 32 ఆంపియర్ల పీడీయూ లోపల సాధారణంగా రెండు బ్యాంకులు (విడి విడి ప్లగ్ గుంపులు) ఉంటాయి, ఒక్కోదానికి 16 ఆంపియర్ల బ్రేకర్. ఫీడ్ మొత్తానికి లెక్క సరిపోయినా, ఒక బ్యాంకు మీదే బరువు పడితే అక్కడ పడిపోతుంది. అందుకని ప్రతి సర్వర్‌ను ఎ పీడీయూలో ఏ బ్యాంకుకు తగిలిస్తే బి పీడీయూలోనూ అదే బ్యాంకుకు తగిలించాం. అప్పుడు ఎ పోయినప్పుడు బి మీద ఎక్కడ ఎంత పడుతుందో ముందే లెక్క చెప్పగలం. 15 ఆంపియర్లను 8, 7గా పంచాం.

పాత యూపీఎస్‌లు రెండూ 6 కేవీఏవి. పాత లోడ్‌ను ఒక్కటే కష్టం మీద మోసేది, 6.9ని మోయలేదు. రెండూ కలిపి 12 కేవీఏ ఉన్నాయి కాబట్టి చాలన్న అభిప్రాయం మొదట్లో బలంగానే వినిపించింది. బ్రేకర్ పడిన రోజు లెక్కను కాగితం మీద మళ్ళీ వేసి చూపించాక 10 కేవీఏ యూపీఎస్‌లు రెండు పెట్టడానికి ఒప్పుకున్నారు.

తర్వాత ఎలక్ట్రీషియన్‌తో కలిసి రెండు యూపీఎస్‌ల ఇన్‌పుట్ కేబుళ్ళను పట్టుకుని వెనక్కి నడిచాం. డ్రాయింగ్‌లో ఎ, బి వేర్వేరు. కేబుల్ మాత్రం రెండింటినీ ఒకే సబ్ ప్యానెల్‌లోని ఒకే బ్రేకర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ ఒక్క బ్రేకర్ పడితే యూపీఎస్‌లు రెండూ బ్యాటరీ మీదకు వెళ్తాయి, ఆ బ్యాటరీలు ఉన్నంతసేపే సర్వర్లు. బి యూపీఎస్‌ను వేరే ప్యానెల్‌కు మార్పించాం. డ్రాయింగ్ ఎంత నీట్‌గా ఉన్నా కేబుల్‌ను చేత్తో పట్టుకుని చివరి దాకా వెళ్ళి చూడమని నేను గట్టిగా చెబుతాను.

పవర్ త్రాళ్ళు రెండు రంగుల్లో కొన్నాం. ఎ వైపు ఎరుపు, బి వైపు నీలం, అన్నీ లాక్ పడే రకం. చిన్న సర్వర్లకు సీ13 రకం ప్లగ్గులు, ఎక్కువ కరెంటు లాగే స్టోరేజ్‌కు పెద్దవైన సీ19. ఒకే పవర్ సప్లై ఉన్న పరికరాలు కొన్ని ఎప్పుడూ మిగులుతాయి: మేనేజ్‌మెంట్ స్విచ్, కన్సోల్ సర్వర్ లాంటివి. అవి చిన్నవే కానీ ఎ ఫీడ్ పోయినప్పుడు మనకు కళ్ళు అవే. వాటిని ర్యాక్‌లో బిగించే ఆటోమేటిక్ ట్రాన్స్‌ఫర్ స్విచ్ వెనక పెట్టాం. అది రెండు ఫీడ్లనూ తీసుకుని, ఒకటి పోగానే రెండోదానికి మారుస్తుంది.

ర్యాక్ నిలబెట్టడం

పాత ర్యాక్ లోతు 800 మిల్లీమీటర్లు. సర్వర్లు దాదాపు 750. మిగిలిన సందులో పవర్ త్రాళ్ళు, నెట్‌వర్క్ కేబుళ్ళు, నిలువు పీడీయూ ఇమడక వెనక తలుపు తీసేసి పక్కన పెట్టారు. వేడి గాలి బయటికి పోయే దారిలోనే కేబుళ్ళ గుట్ట. కొత్తవి 800 వెడల్పు, 1200 లోతు, 42యూ (యూ అంటే ర్యాక్‌లో ఎత్తును కొలిచే మెట్టు) తీసుకున్నాం. ఆర్డర్ పెట్టేముందు తలుపులు, లిఫ్టు, వరండా మలుపు అన్నీ కొలిచాం. పరికరాలన్నీ ఎక్కాక ర్యాక్ ఎంత బరువుంటుందో లెక్కగట్టి, ఆ గది నేల మోయగలదని భవనం ఇంజనీర్ చేత రాతపూర్వకంగా తీసుకున్నాం.

ర్యాక్ చక్రాలకూ పాదాలకూ మోసే బరువు ఒకటి కాదు. కదలకుండా పాదాల మీద నిలబడి మోసేది ఎక్కువ, చక్రాల మీద దొర్లుతూ మోసేది తక్కువ. అందుకే ఖాళీ ర్యాకులను చోటికి చేర్చి, పాదాలు దించి, లెవెల్ చూసి, రెండింటినీ ఒకదానికొకటి బిగించాకే మొదటి పరికరాన్ని ఎక్కించాం. బరువైన స్టోరేజ్ అట్టడుగున, దాని మీద సర్వర్లు, పైన స్విచ్‌లు. డిస్కులతో నిండిన పెట్టెను ఇద్దరు ఎత్తడం కూడా సరికాదు, లిఫ్ట్ బండి తెప్పించాం.

19 అంగుళాల ర్యాక్‌లో పరికరం ముఖం వెడల్పు 482.6 మిల్లీమీటర్లు, 1యూ ఎత్తు 44.45. నిలువు పట్టీ మీది రంధ్రాలు సమాన దూరంలో ఉండవు. 15.875, 15.875, 12.7 అనే వరుస తిరిగి తిరిగి వస్తుంది. దగ్గరగా ఉన్న రెండు రంధ్రాల మధ్య, ఆ 12.7 నడిమధ్యన, ఒక యూ ముగిసి ఇంకోటి మొదలవుతుంది. కొత్తగా చేరినవాళ్ళకు ముందు ఇదే చూపిస్తాను. ఒక్క రంధ్రం తేడాతో రైల్ బిగిస్తే పరికరం బిగుస్తుంది, కానీ పైన గానీ కింద గానీ మూడో వంతు యూ పోతుంది, ఆ తర్వాత ఎక్కించేదేదీ సరిగ్గా కూర్చోదు. కేజ్ నట్ (రంధ్రంలో ఇరికించే, స్క్రూను పట్టుకునే నట్) చెవులు చదరపు రంధ్రం కుడి ఎడమ అంచులను పట్టుకోవాలి, పై కింది అంచులను కాదు. అలా పై కింది అంచులకు పెట్టిన నట్ మీద బరువు పడితే జారి వచ్చేస్తుంది.

వెనక నిలువు పట్టీల లోతును ముందే నిర్ణయించుకోవాలి. సర్వర్ రైళ్ళు ఇంత నుంచి ఇంత దాకా సాగుతాయని వాటి కాగితంలో ఉంటుంది. అన్ని రకాల రైళ్ళకూ సరిపడే లోతును ఎంచుకుని, పీడీయూకు తగలకుండా చూసి, అప్పుడు బిగించాం. సగం ర్యాక్ నిండాక ఆ పట్టీలను జరపాలంటే ఎక్కించినవన్నీ దించాల్సిందే.

ఎర్తింగ్ కూడా ఈ దశలోనే అయిపోవాలి. రెండు ర్యాకుల నుంచీ విడివిడిగా ఎర్త్ బస్‌బార్‌కు తీగలు లాగాం. రంగు మీద బిగించిన బోల్టు లోహానికి సరిగ్గా తగలదు కాబట్టి రంగును కోసే వాషర్లు వాడి, మీటర్‌తో చూసుకున్నాం.

గాలి వచ్చే దారి

పాత గది గోడ మీద థర్మామీటర్ ఎప్పుడూ 22 డిగ్రీలు చూపించేది. పై సర్వర్ ముందు భాగంలో సెన్సర్ పెడితే 31. గోడకు చల్లగా ఉంటే సర్వర్‌కు ఒరిగేదేమీ లేదు. ఆష్రే (చల్లదనం, గాలి ప్రమాణాలు రూపొందించే ఇంజనీర్ల సంఘం) సిఫారసు చేసే 18 నుంచి 27 డిగ్రీల హద్దు పరికరం లోపలికి పీల్చుకునే గాలికి వర్తిస్తుంది. పాత ర్యాక్‌లో ఖాళీ యూలన్నీ తెరిచే ఉన్నాయి. వెనక నుంచి వేడి గాలి ఆ ఖాళీల గుండా మళ్ళీ ముందుకు వచ్చి, పై సర్వర్లు దాన్నే పీలుస్తున్నాయి. కొత్త ర్యాకుల్లో ప్రతి ఖాళీ యూకు దాన్ని మూసే బ్లాంకింగ్ ప్యానెల్ పెట్టాం, కేబుళ్ళు వచ్చే సందులకు బ్రష్ పట్టీలు బిగించాం. అన్నీ నడిచాక పై సర్వర్ ముందు 24 డిగ్రీలు వచ్చింది.

స్విచ్‌ల దగ్గర ఇంకో సంగతి. సర్వర్ల నెట్‌వర్క్ పోర్టులు వెనక ఉంటాయి కాబట్టి కేబుళ్ళు పొట్టిగా ఉండాలని స్విచ్‌ల పోర్టులను కూడా ర్యాక్ వెనక వైపుకు తిప్పి బిగించాం. వెనక వైపంటే వేడి గాలి వైపు. అక్కడ పోర్టుల వైపు నుంచి గాలి పీల్చే స్విచ్ పెడితే అది సర్వర్లు వదిలిన వేడినే పీలుస్తుంది. పోర్టుల వైపు నుంచి గాలి వదిలే రకం కావాలి. వచ్చిన స్విచ్‌లు మొదటి రకం. అదృష్టవశాత్తూ ఆ మోడల్‌లో ఫ్యాన్లూ పవర్ సప్లైలూ విడిగా మార్చుకునేవి. రెండింటినీ ఒకే దిశవి తెప్పించి మార్చాం. ఫ్యాన్లు ఒక దిశ, సప్లై ఇంకో దిశ అయితే లోపల గాలి కొట్లాడుకుంటుంది. స్విచ్ పొట్టిది కావడంతో దాని వెనక భాగం ర్యాక్ మధ్యలోనే ఆగిపోయింది. ముందు చల్లగాలి అక్కడి దాకా చేరేలా గొట్టంలాంటి డక్ట్ ట్రే ఒకటి అమర్చాం. కొనుగోలు పత్రంలో గాలి దిశను తప్పనిసరిగా రాయించండి. అది మోడల్ నంబర్ చివరి అక్షరాల్లో దాగి ఉంటుంది, ఎవరూ చూడరు.

6.9 కిలోవాట్ల వేడి అంటే గంటకు 23,500 బీటీయూలు, అటూ ఇటూగా 2 టన్నులు. ఒక్కటే నడిచినా చాలేలా 3 టన్నుల ఏసీలు రెండు. కరెంటు పోయి వచ్చాక రిమోట్ నొక్కకుండా తమంతట తామే మొదలయ్యేవి.

నెట్‌వర్క్‌కు అదే ప్రశ్న

రెండు ర్యాకులకూ కలిపి రెండు ప్రధాన స్విచ్‌లు. ప్రతి సర్వర్ నుంచి ఒక 10 గిగాబిట్ కేబుల్ ఒక స్విచ్‌కు, ఇంకోటి రెండోదానికి. రెండు స్విచ్‌లూ సర్వర్‌కు ఒకటిగా కనిపించేలా చేసే ఎంల్యాగ్ పెట్టి, సర్వర్ వైపు రెండు కేబుళ్ళను ఒకే లింక్‌గా కలిపే ఎల్‌ఏసీపీ నడిపాం. ర్యాకుల లోపల పొట్టి దూరాలకు రెండు చివరలా మాడ్యూళ్ళు బిగించే వచ్చే 3 మీటర్ల రాగి డీఏసీ కేబుళ్ళు వాడాం, అవి చవక, వేడి కూడా తక్కువ. సంస్థ నెట్‌వర్క్‌కు కేంద్రమైన కోర్ స్విచ్‌ల దాకా ఓఎం4 రకం ఫైబర్. 10 గిగాబిట్ ఎస్ఆర్ మాడ్యూల్‌తో (తక్కువ దూరాలకు వాడే కాంతి మాడ్యూల్) ఓఎం4 400 మీటర్ల దాకా పనిచేస్తుంది, మా దూరానికి అది ఎక్కువే.

అప్‌లింకుల మొదటి డిజైన్ ఒక్కో స్విచ్‌కు ఒక్కో 10 గిగాబిట్. రెండూ కలిపి 20 ఉంది, రాత్రి బ్యాకప్ వేళ ట్రాఫిక్ 13 గిగాబిట్ల దాకా వెళ్తోంది. పీడీయూల కథే మళ్ళీ. ఒక స్విచ్ పోతే 13ని 10లో పట్టించాలి. కరెంటులో బ్రేకర్ పడుతుంది కాబట్టి కనీసం తెలుస్తుంది. ఇక్కడ ప్యాకెట్లు రాలిపోతూ, బ్యాకప్ తెల్లవారే దాకా సాగుతూ, పొద్దున్నే "అప్లికేషన్ నెమ్మదిగా ఉంది" అనే ఫిర్యాదుగా మాత్రమే బయటపడుతుంది. ఒక్కో స్విచ్‌కు రెండు అప్‌లింకులు చేశాం. రెండు స్విచ్‌ల ఫైబర్లూ ఒకే ట్రే మీదుగా పోవడం కూడా ఇష్టం లేక, రెండోదాన్ని భవనం అవతలి వైపు నుంచి లాగించాం.

ఫైబర్ కనెక్టర్‌ను చూడకుండా ఎప్పుడూ గుచ్చకూడదు. స్కోప్‌తో చూడాలి, మురికి ఉంటే తుడవాలి, మళ్ళీ చూడాలి, అప్పుడు గుచ్చాలి. ప్యాకెట్‌లోంచి అప్పుడే తీసినదైనా సరే. ఇక్కడ నాలుగు అప్‌లింకులూ లింక్ లైట్ చూపించాయి. రిసీవ్ పవర్ చదివితే మూడు మైనస్ 3 డీబీఎం (కాంతి బలం కొలత, మైనస్ పెరిగేకొద్దీ కాంతి తక్కువ) దగ్గర, ఒకటి మైనస్ 9 దగ్గర. ఎస్ఆర్ మాడ్యూల్ ప్రమాణం ప్రకారం అందుకోవలసిన కనీస సగటు కాంతి మైనస్ 9.9. అంటే ఆ లింక్ అంచు మీద నడుస్తోంది. ప్యాచ్ ప్యానెల్ వైపు కనెక్టర్ తుడిస్తే అది కూడా మిగతావాటి దగ్గరికి వచ్చింది. లైట్ వెలిగిందని వదిలేసి ఉంటే, పక్క లింక్ పోయి దీనిమీదే ఆధారపడాల్సిన రోజున ఇబ్బంది పెట్టేది.

స్విచ్‌ల మధ్య ట్రాఫిక్ వలయాలు పడకుండా చూసే స్పానింగ్ ట్రీలో మూల స్విచ్ (రూట్) ఎవరో చూస్తే, ఎక్కడో మూల గదిలో ఉన్న పాత యాక్సెస్ స్విచ్. అన్నిటికీ ప్రయారిటీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 32768గానే ఉంది. తక్కువ ప్రయారిటీ సంఖ్య ఉన్నది రూట్ అవుతుంది; అవి సమానమైతే తక్కువ మ్యాక్ అడ్రస్ (పరికరానికి ఫ్యాక్టరీ ఇచ్చే చిరునామా) ఉన్నది గెలుస్తుంది, పాత స్విచ్‌లకే తరచుగా ఆ అవకాశం దక్కుతుంది. మొదటి కోర్‌కు 4096, రెండో కోర్‌కు 8192 ఇచ్చి, సర్వర్ పోర్టుల మీద, అక్కడ ఎవరైనా స్విచ్ తగిలిస్తే పోర్టును ఆపేసే బీపీడీయూ గార్డ్ పెట్టాం.

రాగి కేబుళ్ళ గురించి పెద్దగా చెప్పేది లేదు. 10 గిగాబిట్ అవసరం పడొచ్చనుకున్న చోట క్యాట్ 6ఏ, ప్రతి లింక్‌కూ సర్టిఫికేషన్ టెస్టర్ రిపోర్టు, ప్లాస్టిక్ టై బదులు వెల్క్రో, రెండు చివరలా లేబుల్. పవర్ త్రాళ్ళకు కూడా రెండు చివరలా లేబుల్ వేయండి. అర్ధరాత్రి పీడీయూ వైపు నిలబడి ఏ త్రాడు ఎవరిదో ఊహించాల్సిన పరిస్థితి ఎవరికీ రాకూడదు.

కోసి చూడటం

పాత సర్వర్లను ఒక్కొక్కటిగా తరలించాం. ఒక సర్వర్ మీది వర్చువల్ మెషీన్లను మిగతావాటి మీదకు పంపి, దాన్ని ఆపి, కొత్త ర్యాక్‌లో బిగించి, మళ్ళీ లోడ్ ఎక్కించడం. స్టోరేజ్‌కు మాత్రం పూర్తిగా ఆపే సమయం తీసుకున్నాం. అది ప్రశాంతంగానే జరిగింది. అసలు పని ఆ తర్వాతి పరీక్ష.

సంస్థ వాళ్ళకు ఇది మొదట నచ్చలేదు. బాగా నడుస్తున్నదాన్ని కావాలని ఎందుకు ఆపడం అని అడిగారు. తేదీ, సమయం మనం ఎంచుకుని, అందరం అక్కడే ఉండి, బ్యాకప్ చేతిలో పెట్టుకుని ఆపుతాం, లేకపోతే అదే మనల్ని వెతుక్కుంటూ వస్తుంది అన్నాను. ఒప్పుకున్నారు. సర్వర్ల మీద పూర్తి లోడ్ పెట్టి మొదలుపెట్టాం. ఖాళీగా ఉన్న సర్వర్లతో ఫీడ్ పరీక్ష చేసినా ఉపయోగం లేదు.

ఎ ఫీడ్ బ్రేకర్ దించగానే ఒక సర్వర్ ఆగిపోయింది. దాని నీలం త్రాడు బి పీడీయూలోనే ఉంది, కానీ సర్వర్ వైపు చివర పూర్తిగా లోపలికి దిగలేదు. ఆ సప్లై ఎర్రలైట్ చూపిస్తూనే ఉంది, సర్వర్ వెనక కేబుళ్ళను పట్టి ఉంచే ఆర్మ్ వెనక దాక్కుని ఎవరికీ కనబడలేదు. దాన్ని సరిచేసి, సప్లై స్థితి మానిటరింగ్‌కు వచ్చేలా చేసి మళ్ళీ దించాం. ఈసారి అన్నీ నిలబడ్డాయి. అక్కడితో ఆపకుండా గంటకు పైగా ఒకే ఫీడ్ మీద నడిపాం. బ్రేకర్ ప్రమాణం గంట లెక్కన మాట్లాడుతుంది కాబట్టి ఐదు నిమిషాల పరీక్ష ఈ విషయంలో ఏమీ చెప్పదు. పాత సంఘటనలోనూ మొదటి కొన్ని నిమిషాలు బాగానే గడిచాయి. ఆ గంటలో థర్మల్ కెమెరాతో ప్రతి ప్లగ్గునూ, బ్రేకర్ కొననూ చూశాం. తర్వాత బి వైపు అదే చేశాం. ఏసీలను ఒక్కొక్కటిగా ఆపి చూసినప్పుడు పై సర్వర్ ముందు ఉష్ణోగ్రత 27 దాటలేదు.

నెట్‌వర్క్ పరీక్షలో రెండు దొరికాయి. రెండూ మామూలు రోజుల్లో ఎంత వెతికినా కనబడనివి.

మొదటిది స్టోరేజ్ ట్రాఫిక్. దానికి ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ ఎన్ని బైట్ల దాకా ఉండొచ్చో చెప్పే హద్దు) 9000 పెట్టాం, అంతా వేగంగానే ఉంది. ఒక స్విచ్ నుంచి స్టోరేజ్‌కు వెళ్ళే లింకులను తీసేయగానే డిస్కులు వేలాడిపోయాయి. పింగ్ (అవతలి పరికరం జవాబిస్తుందో చూసే చిన్న ప్యాకెట్) మాత్రం వస్తోంది. మామూలుగా ట్రాఫిక్ అటూ ఇటూ తన స్విచ్ లోంచే పోతుంది. లింకులు తీసేసరికి రెండు స్విచ్‌లను కలిపే పీర్ లింక్ మీదుగా వెళ్ళాల్సి వచ్చింది. ఆ ఒక్క లింక్ మీద ఎంటీయూ 1500గానే ఉండిపోయింది. చిన్న ప్యాకెట్లు దాటుతున్నాయి, పెద్ద ఫ్రేములను స్విచ్ ఏ కబురూ లేకుండా పారేస్తోంది. అందుకే పింగ్‌ను 8972 బైట్లతో, ముక్కలు చేయకూడదనే షరతుతో పంపాలి. 9000లో ఐపీ హెడర్ 20, పింగ్ వాడే ఐసీఎంపీ హెడర్ 8 పోతే మిగిలేది అంతే. ఈ పింగ్ కూడా లింకులన్నీ బాగున్నప్పుడు పాసవుతుంది. లింక్ తీసేసి ఉన్నప్పుడే చేయాలి.

రెండోది నాకు ఇంకా ముఖ్యంగా అనిపించింది. ఒక స్విచ్‌ను పూర్తిగా ఆపాం, ఏమీ కాలేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. స్విచ్‌ను మళ్ళీ ఆన్ చేశాం. అది లేచి వస్తున్నప్పుడు అరనిమిషం పాటు సగం కనెక్షన్లు తెగిపోయాయి. స్విచ్ లేవగానే సర్వర్ల వైపు పోర్టులు ముందు పైకి వచ్చాయి. అప్‌లింకులూ, పీర్ స్విచ్‌తో సమన్వయమూ ఇంకా సిద్ధం కాలేదు. సర్వర్లకు అదేం తెలుసు, లింక్ వచ్చిందని సగం ట్రాఫిక్‌ను అటు పంపాయి. దానికి ముందుకు దారి లేదు. ఎంల్యాగ్ ఉన్న స్విచ్‌లలో సర్వర్ పోర్టులను కొంతసేపు ఆపి ఉంచే సెట్టింగ్ ఉంటుంది. అప్‌లింకులు, పీర్ సిద్ధమయ్యాక మాత్రమే అవి పైకి వచ్చేలా పెట్టి, మళ్ళీ ఆపి, మళ్ళీ ఆన్ చేసి చూశాం. ఈసారి తెగలేదు.

ఒకటి పోతే రెండోది అందుకుంటుందో చూసే ఫెయిలోవర్ పరీక్షల్లో చాలా బృందాలు తీసేయడం దగ్గరే ఆగిపోతాయి. తిరిగి రావడాన్ని కూడా అంతే శ్రద్ధగా చూడాలి. పరికరం పోయేది ఒక్క క్షణంలో. తిరిగి వచ్చేటప్పుడు అంచెలంచెలుగా వస్తుంది, ఆ అంచెల మధ్య అది సగం బతికి ఉంటుంది. కరెంటు విషయంలోనూ ఇదే జాగ్రత్త తీసుకున్నాం. రెండు ఫీడ్లూ పోయి ఒకేసారి వస్తే అన్ని పవర్ సప్లైలూ కలిసి లాగే మొదటి ఉరుకు మామూలు కరెంటు కంటే చాలా ఎక్కువ. పీడీయూ అవుట్‌లెట్లు వరుసగా ఆన్ అయ్యేలా ఆలస్యాలు పెట్టాం. ముందు నెట్‌వర్క్, తర్వాత స్టోరేజ్, అది సిద్ధమయ్యాక సర్వర్లు. సర్వర్ బయోస్‌లో కరెంటు వచ్చాక ఏం చేయాలో చెప్పే సెట్టింగ్ కూడా దానికి తగ్గట్టు మార్చాం.

అప్పగించాక

మేం వదిలి వచ్చిన వాటిలో వాళ్ళకు ఎక్కువగా పనికొచ్చింది ఒక అలారం. పీడీయూలు తమ రీడింగ్‌ను మాత్రమే చూసుకుంటాయి. మానిటరింగ్ సర్వర్‌లో ప్రతి ర్యాక్‌కూ ఎ, బి మొత్తాన్ని కలిపి లెక్కించి, 22 ఆంపియర్ల దగ్గర హెచ్చరిక, 25.6 దగ్గర ఎర్ర అలారం పెట్టాం. బ్యాంకులకూ అలాగే. అప్‌లింకుల మొత్తం ట్రాఫిక్ ఒక స్విచ్ మోయగలిగే 20 గిగాబిట్లను సమీపిస్తే కూడా కబురు వస్తుంది. తర్వాత కొత్త సర్వర్ ఒకటి మొదటి ర్యాక్‌లో పెడతామని వేరే విభాగం అడిగినప్పుడు, ఐటీ ఇన్‌చార్జ్ ముందు ఆ మొత్తాలు చూసి, దాన్ని రెండో ర్యాక్‌కు పంపించారు.

జంట లేనివి ఇంకా కొన్ని ఉన్నాయి, రిపోర్టులో అవన్నీ రాశాం. జనరేటర్ ఒక్కటే. రెండు ఏసీలూ దానిమీదే ఆధారపడి ఉన్నాయి, అది మొదలవకపోతే యూపీఎస్ బ్యాటరీలు అయిపోయేలోపే గది వేడెక్కిపోతుంది. స్టోరేజ్‌కు రెండు కంట్రోలర్లున్నా పెట్టె ఒకటే, డిస్కులన్నిటినీ కలిపే బోర్డు (బ్యాక్‌ప్లేన్) ఒకటే. ఇంటర్నెట్ రెండు లైన్లున్నాయి కానీ రెండూ భవనంలోకి ఒకే గొట్టం ద్వారా వస్తున్నాయి. ఇంటర్నెట్ గొట్టం పని మొదలైంది. జనరేటర్ నిర్ణయం పై వాళ్ళ చేతిలో ఉంది. అది తేలే దాకా, కరెంటు పోయి గది 32 డిగ్రీలు చేరితే ముందు ఏ సర్వర్లను ఆపాలో వరుస రాసి, ఆ స్క్రిప్టును కూడా నడిపి చూసి ఇచ్చాం.